గీతలు తీసే పాపమ్మ

టేర్ రూజ్‌లో ఆదివారం పొద్దున్నే పాపమ్మ వాకిట్లో గిన్నెలు వరస కట్టేవి. ఒకరిది ఇత్తడి బిందె, ఒకరిది పెళ్ళినాటి కంచం, ఒకసారి భజన మందిరం వాళ్ళ హారతి పళ్ళెం. పాపమ్మ వాటిని చింతపండూ బూడిదా పెట్టి తోమేది. తోమడం ఎవరైనా తోముతారు. తోమాక పాపమ్మ గీత పడ్డ చోట బొటనవేలితో మెల్లగా రాసేది. గీత లేచి వచ్చి తలవెంట్రుకలా ఆమె వేలికి అంటుకునేది. దాన్ని బూడిదలో దులిపేసి ఇంకో గీత పట్టుకునేది. సొట్టయితే కాస్త ఎక్కువసేపు పట్టేది, పుండు మీది పక్కులా ఊడి వచ్చేది.

వాళ్ళమ్మకీ ఆ పని వచ్చు. కోరంగిలో ఓడెక్కి మోరిస్, అంటే మారిషస్ దీవికి వచ్చిన అమ్మమ్మకీ వచ్చట. కొందరు నాటితే ఎండుకొమ్మైనా చిగురిస్తుంది, కొందరు కలిపితే పచ్చడి కుదురుతుంది, పాపమ్మ రాస్తే గీతలు ఊడొస్తాయి. ఊళ్ళో ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు. గిన్నె తీసుకుని, బియ్యమో వంకాయలో పెట్టి వెళ్ళేవారు.

పాపమ్మ మొగుడు అప్పయ్య చెరుకు తోటలో కూలీ. కంపెనీవాళ్ళు తోట అంచున ఉన్న రాళ్ళనేలని ముక్కలు చేసి అమ్మినప్పుడు, తన జన్మలో దాచుకున్నదంతా పోసి రెండెకరాలకి కాస్త తక్కువ చెక్క కొన్నాడు. అంతా నల్లరాయి. మొగుడూ పెళ్ళాం నాలుగేళ్ళు రాళ్ళు ఏరి గట్టున పోశారు. రాళ్ళు మోస్తూనే పాపమ్మకి ఒకసారి కడుపు పోయింది. అయిదో ఏడు చెరుకు నాటారు. అది మోకాలెత్తు లేవకముందే పెద్ద జ్వరం వచ్చిపడింది. అది 1919.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మంచం పట్టారు. మూడోరోజు మధ్యాహ్నం అప్పయ్య పోయాడు. పాపమ్మ పక్క గదిలో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. ఆ మధ్యాహ్నం ఆ ఇంటికి వచ్చినవాడు సర్దారు ఆంజనేయులు ఒక్కడే. తోటలో కూలీలకి పని పంచేదీ, పని చేయనివాణ్ణి కొట్టేదీ అతనే. పరామర్శకి వచ్చాడని అందరూ అనుకున్నారు.

సాయంత్రం పాపమ్మ గోడ పట్టుకుని లేచి శవానికి నీళ్ళు పోస్తుంటే, అప్పయ్య ఎడమ బొటనవేలికి గోరు దాకా నల్లటి సిరా కనిపించింది. ఇత్తడి మీది గీతలు తీసిన వేలితోనే ఎంతో రుద్దింది. సిరా పోలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. తెల్లారితే వాళ్ళ మొగుళ్ళకి పని చెప్పాల్సింది ఆ సర్దారే.

పదిహేను రోజులకి ఆంజనేయులు కాగితం తెచ్చి చూపించాడు. చెక్క తనకి అమ్మినట్టు రాసి ఉంది. అడుగున అప్పయ్య వేలిముద్ర.

"బతికుండగానే వేశాడు పాపమ్మా. నీతో చెప్పలేదా?" అన్నాడు.

పాపమ్మ ఆ ముద్రని చాలాసేపు చూసింది. గీతలు అప్పయ్యవే. ఆ వేలు ఆమెకి తెలుసు. కాగితం తిరిగి ఇచ్చేసింది. ఆ రోజునుంచి ఆమె ఎవరితోనూ సర్దారు పేరెత్తలేదు. ఎత్తితే పగ పలచబడిపోతుందని భయం.

మరుసటి ఏడు పంచదారకి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. అప్పయ్య నాటిన చెరుకు కోయించి, ఆంజనేయులు పోర్ట్ లూయీ వెళ్ళి చేతికి పెట్టుకునే బంగారు గడియారం కొన్నాడు. స్విట్జర్లాండులో చేసింది. దొరలు కూడా ఇంకా జేబు గడియారాలే వాడే రోజులవి. అతనికి టైము చూడటం వచ్చో రాదో గానీ, ఎడమ చొక్కా చెయ్యి మాత్రం మోచేతి దాకా మడిచే ఉండేది.

చెరుకు తోటలో బంగారం ఎన్నాళ్ళు నున్నగా ఉంటుంది? నెల తిరక్కుండానే గీతలు పడ్డాయి. ఆంజనేయులుకి అన్నం సహించలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ మణికట్టు వెలుతురుకి తిప్పి చూసుకునేవాడు. ఎవరైనా దగ్గరగా నడిస్తే చెయ్యి గుండెలకి హత్తుకునేవాడు. పట్నంలో గడియారాల షాపువాడు, "మెరుగు పెట్టించినప్పుడల్లా బంగారం కొంచెం అరుగుతుంది" అన్నాడు. అది వినగానే అతనికి పాపమ్మ గుర్తొచ్చింది.

తమ మధ్య ఏమీ జరగనట్టే వచ్చాడు ఆ ఆదివారం. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు.

"పాపమ్మా, ముందు నాది చూడు."

గడియారం ఆమె అరచేతిలో పెట్టాడు. పక్కనే మసాలా దంచే కలబత్తా రాయి ఉంది. ఒక్క దెబ్బ చాలు. పాపమ్మ రాతి వైపు చూసి, గడియారం వైపు చూసి, బొటనవేలు బూడిదలో అద్దింది. గడియారం పగిలితే ఇంకోటి కొనుక్కుంటాడు.

"ఈ గీత ఎక్కడిది బాబూ?"

"మిల్లు గేటు."

"ఇదీ?"

"ఎద్దు కొమ్ము తగిలింది."

"ఈ సొట్ట?"

ఆంజనేయులు నవ్వాడు. "అది రామలుగాడి పన్ను. పనికి ఆలస్యంగా వచ్చాడు, ఒకటిచ్చాను. వాడికి పన్నే కదా పోయింది, నా బంగారం చూడు ఎలా అయిందో!"

రామలు పెళ్ళాం వరసలోనే ఉంది. తల దించుకుని తన గిన్నె వైపు చూసుకుంది.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఏడెనిమిది వారాలు గడిచాయి. ఒకరోజు పని ముగించి, పాపమ్మ అతని మణికట్టుకి తోలుపట్టీ బిగిస్తుంటే ఆమె వేలు అతని ఎడమ బొటనవేలి కొసకి రాసుకుంది. సన్నటి గీత ఒకటి లేచి వచ్చి ఆమె వేలికి అంటుకుంది. అతను బంగారాన్ని ఎండకి తిప్పి చూసుకుంటున్నాడు. గీత అంటే గీతే. అది బంగారం మీద ఉందా, మనిషి తోలు మీద ఉందా అని పాపమ్మ వేలు అడగలేదు.

దాన్ని బూడిదలో దులిపేసింది.

"బాబూ, వచ్చే వారంనుంచి గడియారం విప్పకండి. చేతికి ఉండగానే చేస్తాను. ఒంటి వేడికి బంగారం మెత్తబడి గీత తేలిగ్గా వస్తుంది," అంది.

అతనికి అంతకంటే ఏం కావాలి? ఎవరి చేతికైనా గడియారం ఇవ్వాలంటే ప్రాణం పోయినట్టుండేది అతనికి.

అలా వారానికి రెండు గీతలు, ఒక్కోసారి మూడు. బొటనవేలి అంచునుంచి మొదలుపెట్టి లోపలి సుడి వైపు వెళ్ళింది. చచ్చిన మొగుడి వేలు పట్టుకుని సిరాలో ముంచిన చెయ్యి అది. దాన్ని తన చేతిలో పెట్టుకుని, "కాస్త కదలకండి బాబూ" అని మెత్తగా మాట్లాడేది. అతను వెళ్ళాక మోచేతుల దాకా బూడిద పెట్టి రుద్దుకునేది. గడియారం మాత్రం కొన్న రోజుకంటే నున్నగా చేసి పంపేది. అతని చూపు బంగారం దాటి పక్కకి పోకూడదు.

ఒకసారి అన్నాడు, "ఏమిటో, ఈ మధ్య చుట్ట వేళ్ళలోంచి జారిపోతోంది."

"వయసు బాబూ," అంది పాపమ్మ.

కోతల కాలం ముగిసేసరికి ఆ బొటనవేలు వలిచిన గుడ్డులా తయారైంది. పాపమ్మ ఇక దాన్ని ముట్టుకోలేదు.

ఆ ఏడే కంపెనీ మంచి నేల అమ్మకానికి పెట్టింది. ఉన్న చెక్కలన్నీ ఇచ్చేసి దాన్ని కొంటే ఆంజనేయులు ఇక సర్దారు కాదు, తోట యజమాని. కొత్త కోటు కుట్టించుకుని రైలెక్కి పోర్ట్ లూయీలో నోటరీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ గుమస్తా జీన్ అనే ఆఫ్రికా మూలాల క్రెయోల్ మనిషి. ఏళ్ళ తరబడి తెలుగు కూలీల కాగితాలు రాసి రాసి వాళ్ళ భాష నేర్చుకున్నవాడు.

ఆంజనేయులు వేలు అద్ది కాగితం మీద నొక్కాడు. నల్లటి చుక్క పడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ చుక్కే. జీన్ పాత కాగితాలు తెచ్చి పక్కన పెట్టాడు. వాటి మీద అతని ముద్రల్లో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"గీతలు తీయించుకున్నారా మిస్యే?" అని ఫ్రెంచి మర్యాదతో అడిగాడు.

"నేనెందుకు తీయించుకుంటాను?"

"తీయించుకునేవాళ్ళు ముందు మాకొక మాట చెప్పాలి. ఈ కాగితాల్లో ఉన్న ఆంజనేయులు మీరేనని ఇప్పుడెలా చెప్పేది?"

లోపల గదిలోంచి నోటరీ తలెత్తకుండానే అన్నాడు, "ఎరిగినవాళ్ళని తెచ్చి ప్రమాణం చేయించమను. అప్పటిదాకా కొత్త నేలా లేదు, పాత నేలా లేదు."

ఊరికి తిరిగొచ్చి ఆంజనేయులు ముందు భజన పెద్ద జగ్గయ్య దగ్గరికి వెళ్ళాడు. జగ్గయ్య తాళాలు తుడుచుకుంటూ, "నీ వేలే నిన్ను ఎరగనంటోంది. నేనెలా ఎరుగుదును?" అన్నాడు. రామలుని అడిగితే పన్ను ఊడిన సందు కనిపించేలా నవ్వి ఊరుకున్నాడు.

అప్పుడు వచ్చాడు పాపమ్మ ఇంటికి. ఆ రోజు ఆదివారం కాదు, వాకిట్లో ఎవరూ లేరు.

"నువ్వే తీశావు."

"తీశాను."

"పెట్టెయ్."

"తీయడమే నాకొచ్చు. పెట్టడం మా అమ్మకి కూడా రాదు."

"ఎందుకు చేశావే ఈ పని?"

పాపమ్మ లేచి నిలబడింది. మొదటిసారి అతన్ని బాబూ అనలేదు. "మా ఆయన వేలు నీకు పనికొచ్చింది. నీ వేలు నాకు పనికొచ్చింది."

అతను చెయ్యెత్తి, దించేశాడు. "నా పెళ్ళాం ఉందే. అది వచ్చి నా మొగుడేనని ఒక్క ముక్క చెప్తే చాలు. ఆ తర్వాత నీ సంగతి చూస్తాను."

ఇన్ని వారాల్లో పాపమ్మ ఆ పెళ్ళాం సంగతే ఆలోచించలేదు. రంగమ్మ పదహారేళ్ళ కిందట గుడ్‌ల్యాండ్స్‌నుంచి కాపురానికి వచ్చింది. కొంగు చెంప మీదికి లాక్కుని నడిచేది. ఆమె గొంతు ఊళ్ళో సగం మందికి తెలియదు.

ఆ సాయంత్రమే రంగమ్మ వచ్చింది, చేతిలో ఏ గిన్నే లేకుండా.

"రేపు పొద్దుటి రైలుకి నన్ను పట్నం తీసుకెళ్తున్నారు పాపమ్మక్కా."

"తెలుసు. నిన్ను నేనేమీ అడగను."

రంగమ్మ అరుగు మీద కూర్చుంది. "మీ ఆయన పోయిన రోజు ఈయన ఇంటికొస్తే చేతులకి నీళ్ళు పోసింది నేనే. వేళ్ళకి సిరా ఉంది. రెండేళ్ళుగా తెలుసు నాకు. చెప్పలేదు."

ఓదార్పుగా ఒక్క మాట అనడానికి కూడా పాపమ్మకి మనసు రాలేదు. రంగమ్మ కొంగు తీసింది. చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చులూ కమిలి ఉన్నాయి. వాటి కిందుగా గడియారం బకిలు గీరిన చార, ఇంకా పచ్చిగా ఉంది.

"వెళ్ళనన్నానని. ఇవాళటిదే."

పాపమ్మ బొటనవేలు చాచింది. "తీసెయ్యనా?"

"ఇప్పుడు కాదక్కా. రేపు నాకిది కావాలి."

నోటరీ ఆఫీసులో రంగమ్మ చేత భగవద్గీత మీద ప్రమాణం చేయించారు. జీన్ అడిగాడు, "అమ్మా, ఈయన మీ భర్త ఆంజనేయులేనా?"

రంగమ్మ మొగుడి దగ్గరికి వెళ్ళి అతని ఎడమచెయ్యి ఎత్తి వెలుతురులో చూసింది. తర్వాత కొంగు పూర్తిగా వెనక్కి తీసి, చెంప గుమస్తా వైపు తిప్పింది.

"మా ఆయన చెయ్యి నాకు పదహారేళ్ళుగా తెలుసు బాబూ. దాని ముద్ర ఇలా ఉంటుంది. ఈ నున్నటి చెయ్యి ఎవరిదో నేనెరగను."

"ఏమే!" అని అరిచాడు ఆంజనేయులు. చెయ్యి దానంతటదే లేచింది. దెబ్బ పడకముందే ఇద్దరు బంట్రోతులు అతన్ని పట్టుకున్నారు. జీన్ బల్ల దాటి వచ్చాడు.

"సర్దారుగారి భార్య మీద చెయ్యెత్తుతావా? ఎవడివిరా నువ్వు?"

అప్పుడే అతని మణికట్టు మీద, ఒక్క గీత కూడా లేకుండా మెరుస్తున్న గడియారం జీన్ కంటపడింది. "ఇది సర్దారుగారిది కదా! నీ దగ్గరికెలా వచ్చింది?" అంటూ పట్టీ విప్పి రంగమ్మ చేతిలో పెట్టాడు. పోలీసులొచ్చి, అరుస్తున్న మనిషిని వీధిలోకి నడిపించుకుపోయారు. సర్దారు ఆంజనేయులు కనిపించడం లేదని నోటరీ రాసుకున్నాడు. ఆయన తిరిగొచ్చేదాకా నేలంతా భార్య చూసుకోవచ్చన్నాడు.

జైలునుంచి బయటికొచ్చాక ఆ మనిషి లాల్మతీ వైపు ఏదో తోటలో చెరుకు నరుకుతున్నాడని చాలా నెలల తర్వాత కబురొచ్చింది. అక్కడి సర్దారు చెయ్యి దురుసు మనిషట.

ప్రమాణం చేసిన రోజున రంగమ్మ మధ్యాహ్నం రైలుకే టేర్ రూజ్‌లో దిగింది. ఇంటికి పోకుండా నేరుగా పాపమ్మ దగ్గరికి వచ్చి, గుమ్మంలో నిలబడి జరిగినదంతా చెప్పింది.

"మీ చెక్కలో చెరుకు మీరే కోసుకోండక్కా. నేను బతికుండగా దాని జోలికి ఎవరూ రారు."

పాపమ్మ అసలు ఆ మాట విననట్టే ఉంది.

"చెయ్యెత్తాడా?"

"ఎత్తాడు."

"అందరూ చూశారా?"

"చూశారక్కా."

"ఎవడివిరా అన్నారా?"

"అన్నారు."

"మళ్ళీ చెప్పు," అంది పాపమ్మ.

రంగమ్మ మొదటినుంచీ మళ్ళీ చెప్పింది. అయ్యాక పాపమ్మ ఆమె చెంపని బొటనవేలితో ఒకసారి తుడిచి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. రెండు కంచాలు వేసింది. కుండలో ఉన్న అన్నం ఇద్దరూ కలిసి తిన్నారు. పాపమ్మ రెండోసారి వడ్డించుకుంది, మూడోసారి కూడా వడ్డించుకుంది.