కరుణమ్మ పాటకు చోటు

ఏసుపాదం కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశాడు. కాలిపోతోంది. లోపల హార్డ్‌డిస్కు కరకరమంటోంది. తెర మీద ఇసుకగడియారం బొమ్మ కదలనంటోంది. అతను మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇలాంటప్పుడు తొందరపడి ఇంకోసారి నొక్కితే మొత్తం బిగుసుకుపోతుందని అతనికి అనుభవమే.

నిడదవోలు స్టేషన్ రోడ్డులోని ఆ డీటీపీ సెంటర్లో అతను ఆపరేటరు. సన్నటి మనిషి, విరిగిన కాడకి టేపు చుట్టిన కళ్ళజోడు, నోట్లోంచి మాట రావడం గగనం. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకీ చావులకీ కార్డుల్లో అక్షరాలు పేర్చింది అతనే. ఒక్కరైనా భోజనానికి పిలిచిన పాపాన పోలేదు.

"ఏంటండీ, ఆగిపోయిందా?" బెంచీ మీంచి గంగరాజు లేచాడు. పొద్దున్నే తల్లి ఫోటో పెద్దకర్మ కార్డుకని ఇచ్చి, కొవ్వూరు వెళ్ళి అస్థికలు కలిపి, తిన్నగా ఇక్కడికే వచ్చాడు.

"ఆ ఫోటో మళ్ళీ ఓసారి ఇవ్వండి. స్కాన్ చేసి పెట్టుకుంటాను."

"ఇంకా ఫోటో ఎక్కడిదండీ? మీ కంప్యూటర్లోకి ఎక్కేసింది కదా! చెదలు తిన్న ఫోటో ఇంట్లో ఉండకూడదని మా పిన్ని అంటే, అమ్మతోపాటే గోదాట్లో కలిపేశానండి."

"ఇంకోటి లేదా?"

"మా అమ్మ జన్మానికి ఒక్కసారే ఫోటో దిగిందండి."

ఓరి నీ ఇల్లు బంగారం గానూ! అనుకున్నాడు ఏసుపాదం. పొద్దుట్నుంచీ చెదల కన్నాలు పూడ్చి నిలబెట్టిన ముఖం ఇంకా సేవ్ కాలేదు. డిస్కులో చోటు లేదు.

ఆ మెషీన్‌ది పెళ్ళివారి వ్యవహారం. పందిట్లో చోటు చాలకపోతే పక్కింటి వాకిట్లో బంతి వేసినట్టు, మెమరీ చాలనప్పుడు అది డిస్కులో ఖాళీ వెతుక్కుంటుంది. ఫోటో దిద్దేదీ, పేజీ పేర్చేదీ ఒకేసారి తెరిస్తే ఆ వాకిలీ నిండిపోతుంది. కొత్త మెమరీ వేయిద్దామని ఓనరు పల్లంరాజుగారు ప్రతి పండక్కీ అంటూనే ఉన్నారు. ఏసుపాదం తక్కినవన్నీ మూసేశాడు. పాత కార్డులన్నీ ఎప్పుడో చెరిపేశాడు. తీయడానికి ఇక మిగిలింది ఒక్కటే.

భార్య కరుణమ్మ పాట. ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ ఇక్కడే కూర్చోబెట్టి పాడించాడు. మైకుకి స్టాండు లేకపోతే ఆమె జడ రిబ్బను విప్పి టేబుల్ లైటుకి కట్టింది. మధ్యలో సిగ్గుపడి నవ్వేసింది. ఆ నవ్వూ అందులోనే ఉంది. తర్వాతి వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. ఫైలు ఫ్లాపీల్లో పట్టదు. రాజమండ్రిలో సీడీ చేయిద్దాం, ఈ నెల, వచ్చే నెల అనుకుంటూనే గడిపేశాడు. మనుషులకి బుద్ధి ఎప్పుడూ ఆలస్యమే కదా.

ఠక్కున కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.

"అయ్యో, ఇప్పుడెలాగండీ!"

"ఉండండి బాబూ."

పాటను తెర మీది చెత్తబుట్టలోకి లాగాడు. అక్కడున్నంతసేపూ వెనక్కి తీసుకోవచ్చు. ఊహూఁ, ఖాళీ రాలేదు. బుట్టలో ఉన్నా దాని చోటు అది వదలదని అతనికి తెలియదా? తెలుసు. తెలిసే ఆశపడ్డాడు.

కీచుమోత వేగం పెరిగింది, యూపీఎస్ బ్యాటరీ అయిపోవస్తోంది. గంగరాజు తెరకేసి చేతులు జోడించాడు. "అమ్మా, నువ్వు మళ్ళీ పోకే."

"ఏమీ అనుకోకే కరుణమ్మా," అని గొణిగి ఏసుపాదం బుట్ట ఖాళీ చేశాడు. కరకర నెమ్మదించింది. సేవ్ నొక్కాడు. ఎంత సేవ్ అయిందో చూపే గీత చివరిదాకా వెళ్ళిన కాసేపటికి తెర నల్లబడిపోయింది.

"పోయిందాండీ?"

"లేదండీ. మీ అమ్మగారు ఉన్నారు."

సాయంత్రం కరెంటు వచ్చాక ముఖం కాగితం మీదికి దిగింది. గంగరాజు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"అచ్చం మా అమ్మేనండీ. గొంతొక్కటే లేదు."

ఏసుపాదం తలూపాడు. గంగరాజు వెళ్ళాక మెషీన్ ఆపి, దాని మీద గుడ్డ కప్పాడు. టేబుల్ లైటుకి మైకు అలాగే ఉంది, ఎర్ర రిబ్బనుతో కరుణమ్మ వేసిన ముడితో.