బస్టాండులో దొరికిన గుండు

కొత్త సర్వర్లో డాక్టరు గారి కుర్చీ పేజీ తెరిస్తే, దాని కింద 'కరుస్తుంది, దగ్గరికెళ్లొద్దు' అని నోటు ఉంది. పిన్ని టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

ఆ జంతువుల షెల్టర్లో ఆమె అందరికీ పిన్నే. ఇంట్లో అలా పిలిచేవాళ్లు లేరు. కళ్లజోడు కాడకి ప్లాస్టరు, స్వెటర్ నిండా బొచ్చు. కోడు రాసేదీ తనే, మొరాయించే ప్రింటర్ని తన్నేదీ తనే.

"నా కుర్చీ కరవడమేంటి పిన్నీ?" అన్నాడు డాక్టరు.

"కూర్చోండి, తెలుస్తుంది."

నవ్వుతూనే మిగతా పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఇక్కడ నోటు దేనికైనా తగిలించొచ్చు, కుక్కకైనా, కుర్చీకైనా. అది గుర్తుంచుకునేది రెండే: ఏ రకం, ఏ నంబరు. కొత్త సర్వరేమో తన ఇష్టమొచ్చినట్టు మళ్లీ నంబర్లేసుకుంది. నోట్లన్నీ దారి తప్పాయి.

బల్ల కింద గుండు, బస్టాండులో దొరికిన కుక్క, ఆమె ఎడమ చెప్పు నములుతున్నాడు. సాయంత్రం వాణ్ణి తీసుకెళ్లడానికి తండ్రీ కూతుళ్లు వస్తున్నారు. ఇప్పటికే రెండిళ్లు వెనక్కి పంపేశాయి. పోయినసారి అన్నీ నోటితోనే చెప్పింది. వాళ్లు గేటు దాటేలోపే మర్చిపోయారు. ఈసారి వాడి గురించి ఇక్కడ తలా ఒకరు రాసిన నోట్లన్నీ వాళ్ల ఫోన్లోకి వెళ్లాలి.

"నంబరెందుకసలు? నిన్ను పేరు పెట్టి పిలవనా?" అంది పిన్ని, గుండు వైపు వంగి.

పాత సర్వర్ నుంచి డేటా మళ్లీ తీసింది, నంబరు బదులు పేరు పెట్టి. ఎక్కిస్తే ఎర్రర్. షెల్టర్లో గుండులు ముగ్గురు, ఒకడు పిల్లి కూడా! పేరు పక్కన రకం, దొరికిన చోటు చేర్చింది. మళ్లీ ఎర్రర్: కుక్కలింకా ఎక్కకముందే నోట్లు ఎక్కేస్తున్నాయి.

"ముందు మీరెక్కండ్రా నాయనా!"

కుక్కలెక్కాయి. వెనకే నోట్లు. గుండు పేజీ తెరిచింది. ఒక్కటీ తప్పిపోలేదు! పిన్ని బల్ల గుద్దింది, టీ ఒలికింది, గుండు మొరిగాడు, డాక్టరు సూదితో సహా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"మీ కుర్చీ ఇక కరవదండీ!"

సాయంత్రం ఆ పిల్ల ఫోన్లో కూడబలుక్కుంటూ చదివింది. "ఉరిమితే తలుపులు గీకుతాడు. తిట్టొద్దు. వీపు మీద చెయ్యెయ్యండి." వెంటనే చెయ్యేసింది. "ఇలాగా?"

"ఇంకాస్త గట్టిగా."

గుండు కారెక్కాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు, వెధవ. పిన్ని కారు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే చెయ్యూపి, లోపలికొచ్చి, అలవాటుగా కాళ్లు బల్ల కిందకి జాగ్రత్తగా చాపింది.

అక్కడ ఎడమ చెప్పు ఉంది, మడమ దగ్గర కొత్త పళ్ల గాట్లతో, ఇంకా తడిగా.