పై ఇంటి చప్పుడు

నజ్వా మా పై అంతస్తులోకి కాపురానికి వచ్చి పదకొండేళ్లు. అన్నాళ్లూ నేను చీపురు కర్రతో మా ఇంటి పైకప్పు పొడుస్తూనే ఉన్నాను. పిల్లల పరుగులు, కుర్చీల ఈడ్పులు, చెవులు చిల్లులు పడే టీవీ. పెచ్చులూడిన సున్నం నా కంచంలోనే పడేది. "పిల్లలు గాల్లో నడుస్తారా అఫాఫ్?" అని నవ్వేవాడు మా ఆయన ఇస్మత్.

ఆయన పోయి ఇరవై రెండు రోజులు.

శవం గడప దాటిన పూటే పైన టీవీ ఆగింది. మా షుబ్రా పేటలో అంతే, చావు జరిగిన మేడలో నలభై రోజులు ఎవరూ పాట పెట్టరు, గట్టిగా నవ్వరు. నజ్వా మరీ అతి, పిల్లల చేత చెప్పులు కూడా విప్పించి నడిపిస్తోంది. మర్యాదకే చేస్తోంది, కాదనను. కానీ ఆ మర్యాద నా గొంతు నులిమేస్తోంది. ఇంట్లో ఫ్రిజ్ మూలుగు, కొళాయి చుక్క, అంతే. నిన్న పొద్దున అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోశాను. పైన ఒక్క కుర్చీ ఈడ్చినా ప్రాణం లేచివచ్చేది. మొగుడు పోయిన మనిషి వెళ్లి, కాస్త గోల చెయ్యండని ఎలా అడుగుతుంది?

ఇవాళ ఉదయం చెత్త పడేసి వస్తుంటే నజ్వా మెట్ల మీద ఎదురైంది. చేతిలో మూట. గోడవారగా తప్పుకోబోయింది.

"ఎక్కడికే మూట?"

"ఇంబాబాకి పిన్నీ, చెల్లెలింటికి. సాయంత్రం పాపకి ఏడో రోజు వేడుక. ఇక్కడ చేస్తే బాగోదు కదా."

నజ్వాకి నెలలు నిండాయని తెలుసు. కన్నదని తెలీదు.

"బిడ్డ ఇంటికొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఐదు రోజులు."

"ఏడవదా?"

"ఏడిస్తే వెనక గదిలోకి తీసుకుపోయి కిటికీలు మూసేస్తున్నాం. మీకు చప్పుడంటే పడదుగా."

ఇంట్లోకొచ్చి తలుపు వేసుకున్నాను. ఐదు రోజులుగా నా నెత్తి మీద ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఈ ఎండల్లో దాన్ని కిటికీలు మూసిన గదిలో పెట్టించింది నా చీపురు కర్రే. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

మేడలో చిన్న ఇత్తడి రోలు ఉన్నది మా ఇంట్లోనే. లోకంలో చప్పుళ్లకి బెదరకూడదని, ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డ పక్కనా ఏడో రోజున మోగింది అదే. నా బిడ్డ పక్కన మోగే రాత మాత్రం దానికి లేకపోయింది.

రోలు చంకన పెట్టుకుని, ఆ నల్ల బట్టల్లోనే పైకి వెళ్లాను. నజ్వా పాపని ఎత్తుకుని బయల్దేరబోతోంది, మూట గడపలో ఉంది.

"మూట విప్పు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. జల్లెడ తే."

"పిన్నీ, జనం ఏమనుకుంటారు?"

"నన్ను కదా అనుకునేది. తే."

ఏడో రోజు ఆచారం ప్రకారం పాపని జల్లెడలో పడుకోబెట్టింది. నేను పక్కన కూలబడి రోకలి ఎత్తి వేశాను. మేడంతా ఖంగుమంది.

"అమ్మ మాట విను," అన్నాను, అందరూ అనేదే. మళ్లీ వేశాను. "నాన్న మాట విను."

మూడో దెబ్బ వేశాను.

"కింద ఇంటి ముసలిదాని మాట మాత్రం వినకు తల్లీ."

పాప కేరుమని ఏడ్చింది. కిటికీలు తెరిచే ఉన్నాయి.