ఇరవై తొమ్మిదో పేజీ

'శ' అక్షరం కింద మూడు కార్డులు సర్ది 'స'లోకి వచ్చేసరికి స్వర్ణకుమారి చెయ్యి మళ్లీ ఆగింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. అక్కడున్న కార్డు ఆమెదే. "స్వర్ణకుమారి, పి. పుస్తకం మరమ్మతు: ముప్పై ఏళ్ల అనుభవం. డిసెంబరు, పే. 29" అని ఆమె చేతిరాతలోనే ఉంది. ఎన్నిసార్లు చూసినా అందులో మారేదేమీ లేదు. అయినా చూసింది, వెనక్కి పెట్టింది, లేచి గుమ్మం దాకా వెళ్లి రోడ్డు మీదకి తొంగి చూసింది. చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. విశాఖపట్నం బస్సు వాటి వెనకాల ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది.

"ఏటక్కా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతన్నావు? కూకోరాదా!" అంది సంధ్యారాణి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. ఆ డీటీపీ సెంటరు ఆమెది. చోడవరంలో పెళ్లి కార్డులూ ఫ్లెక్సీలూ చేసుకునే ఆ కొట్లో ఒక మూల బల్లా, రెండు కార్డుల సొరుగులూ 'గ్రంథపాలక మిత్ర'వి. అదే ఆఫీసు.

మూడు నెలలకోసారి వచ్చే ఆ పత్రికని లైబ్రేరియన్లు తప్ప ఎవరూ చదవరు. వాళ్లలో కూడా కొందరు చదవరని స్వర్ణకుమారికి గట్టి అనుమానం. సంపాదకుడు గణపతిరావు గారు రిటైరైన లైబ్రేరియను, డెబ్భై ఆరేళ్ల మనిషి. ఆయన కింద బ్రాంచి లైబ్రరీలో రికార్డు అసిస్టెంటుగా చేసిన స్వర్ణకుమారి కూడా రిటైరై అయిదేళ్లయింది. ఆమె మనిషి పొట్టి, కళ్లద్దాలు మందం. ముప్పై ఏళ్లు చిరిగిన పుస్తకాలకి జిగురు రాసి రాసి కుడి బొటనవేలు చెక్కలా గట్టిపడిపోయింది. పత్రికలో ఇతరుల వ్యాసాలు సరిచూడ్డం, రేపర్లు చుట్టడం, చిరునామాలు రాయడం ఆమె పని. ఏడాదికోసారి డిసెంబరు సంచిక చివర్లో ఎవరు ఏ పేజీలో ఏం రాశారో చెప్పే రచయితల సూచిక తయారు చెయ్యడం కూడా ఆమె పనే. అలా ముప్పై ఒక్క సూచికలు చేసింది. ఒక్కదానిలోనూ ఆమె పేరు లేదు. ఉండడానికి ఆమె ఏమైనా రాస్తే కదా!

రాస్తానని అడక్కపోలేదు. మైదా జిగురులో మైలతుత్తం ఎంత కలిపితే పురుగు పట్టదో, ఊడిన అట్ట ఎలా కుట్టాలో రాస్తానని మూడుసార్లు అడిగింది. "ఇది ప్రొఫెషనల్ జర్నలు స్వర్ణమ్మా, వంటల పుస్తకం కాదు" అని ఆయన నవ్వేసేవారు. ఆమె కూడా నవ్వేది. ఇంటికెళ్లాక ఆ నవ్వు గుచ్చుకునేది. భర్త ప్రేమ్‌కుమార్‌తో చెప్పుకుంటే, షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు తూకాలు చూసిన ఆ మనిషి, "రాసి ఎవులికి సూపిస్తావే?" అనేవాడు.

మొన్న దసరాకి గణపతిరావు గారితో కలిసి బుచ్చయ్యపేట వెళ్లింది. అక్కడి లైబ్రరీలో ఆమె ఎప్పుడో పాతికేళ్ల కిందట కుట్టిన నిఘంటువు రాయిలా ఉంది. పోయినేడు కొన్న పుస్తకమేమో అట్ట చేతిలోకి వచ్చేసింది. తిరుగు ఆటోలోంచి దిగేముందు ఆయన, "రాసియ్యి. ఒక పేజీ" అన్నారు. ఆ ఒక పేజీకి ఆమె పదకొండుసార్లు చిత్తు రాసింది.

మొన్న ఆయన విశాఖ ఆసుపత్రికి వెళ్తూ ఆఖరి ప్రూఫులు తీసుకుపోయారు. "చెకప్పే. మంచం మీద కూర్చుని దిద్ది బస్సులో పంపుతాను" అన్నారు. ఈ సాయంత్రం అయిదింటికి ఫైలు అనకాపల్లి ప్రెస్సుకి చేరాలి. దాటితే వాళ్లు కొత్త సంవత్సరం కేలండర్లు మొదలుపెడతారు. డిసెంబరు సంచిక రాకుండా పోతుంది.

పన్నెండున్నరకి బస్సు వచ్చింది. కండక్టరు అందించిన కవరుని నడిరోడ్డు మీదే చింపింది. ఎర్ర సిరా గీతలతో కాగితాలు నిండుగా ఉన్నాయి. ఇరవై ఎనిమిది ఉంది. ఆ తర్వాత ముప్పై. రెండుసార్లు లెక్కపెట్టింది. కవరు తిరగేసి దులిపింది.

ఇరవై తొమ్మిది లేదు.

"పడిపోనాదేమో అక్కా."

"పడిపోలేదు రాణీ. తీసీసేరు. నా మొహం మీద సెప్పలేక తీసీసేరు."

ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. సంధ్యారాణి తెచ్చిన టీ చల్లారిపోయింది. సంధ్యారాణి దిద్దుబాట్లు ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చదివింది గానీ మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్ల కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. ఈసారి ఊరుకునేది లేదు, రేపర్లు ఆయన్నే చుట్టుకోమంటాను, జిగురు కూడా ఆయన్నే కలుపుకోమంటాను, అనుకుంది. మైలతుత్తం కొలత ఆయనకేం తెలుసు!

రెండున్నరకి ఫోను మోగింది. గణపతిరావు గారి కూతురు ప్రవల్లిక.

"ఆంటీ, నాన్నగారు పోయేరు. ఒంటిగంటకి."

స్వర్ణకుమారి స్టూలు మీద కూలబడింది.

"పొద్దుట బాగానే ఉన్నారు. కాయితాలన్నీ దిద్ది కవర్లో పెట్టి మీకు పంపించమన్నారు. ఒకటి మాత్రం తన దగ్గరే అట్టేపెట్టుకున్నారు. నాకు కూడా సదివి వినిపించేరు, ఏదో జిగురు గురించి. 'ఇందులో దిద్దడానికేటీ లేదే, ఊరికే ఇంకోసారి సదువుకుంటాను' అన్నారు. కళ్లజోడు కింద ఉందది. మీకు కావాలా ఆంటీ?"

"వద్దమ్మా. అక్కడే ఉండనీ" అని ఫోను పెట్టేసింది. ఇందాకటి కోపమంతా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంధ్యారాణి కొట్టు షట్టరు సగానికి దించింది.

మూడు దాటాక సంధ్యారాణే మెల్లగా అడిగింది. "ముప్పై రెండు పేజీలూ నిండిపోనాయక్కా. ఆయన గురించి ఎక్కడేద్దుం? ఆ ప్రొఫెసర్ గారివి ఆరు పేజీలున్నాయి గదా, ఒకటి పీకీనా?"

స్వర్ణకుమారి తల అడ్డంగా ఊపింది. తీసుకున్న వ్యాసంలో రచయితని అడక్కుండా ఒక్క వాక్యం కూడా తియ్యకూడదన్నది గణపతిరావు గారి నియమం. ప్రొఫెసర్ గారి ఫోను స్విచ్చాఫ్. మిగతా వాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. గంటన్నరలో అడగడానికి వీలున్న రచయిత ఈ ఊళ్లో ఒక్కరే. సూచిక తీసేద్దామా అంటే, అది లేని డిసెంబరు సంచికని ఆయన సంచిక అనేవారే కాదు.

"ఇరవై తొమ్మిది తీసీ" అంది.

"అక్కా! మరి ఎప్పుడేస్తారు నీది? ఆయన లేకపోతే ఈ పత్రికే..."

"తెలుసు. తీసీ."

తెర మీద పేజీ తెల్లబడింది. స్వర్ణకుమారి చెప్తూ ఉంటే సంధ్యారాణి కొట్టింది. ఎప్పుడు పుట్టారు, ఎక్కడ పనిచేశారు అనేవి మూడు వాక్యాల్లో అయిపోయాయి. తర్వాత ఏం చెప్పాలో తోచక స్వర్ణకుమారి తన బొటనవేలు చూసుకుంది.

"గణపతిరావు గారు ఏనాడూ పుస్తకాన్ని నెత్తి పట్టుకుని లాగలేదు. అటూ ఇటూ ఉన్నవాటిని కాస్త లోపలికి నెట్టి, దాన్ని నడుం దగ్గర పట్టుకుని తీసేవారు. అలా తీసిన పుస్తకానికి వెన్ను చిరగదు. ఈ సంగతి తెలిసిన చెయ్యి ఒకటి ఇవాళ తగ్గిపోయింది."

సంధ్యారాణి ముక్కు తుడుచుకుంది. "కింద నీ పేరెయ్యనా?"

"నివాళికి పేరుండదు. అదీ ఆయన రూలే."

నాలుగూ నలభైకి అంతా సరిచూశారు. ఆఖరున సంధ్యారాణి తెర మీద వేలు పెట్టి ఆగింది. "సూచికలో నీ పేరుండిపోనాదక్కా. వ్యాసం లేదు గదా. కొట్టీనా?"

స్వర్ణకుమారి సొరుగులోంచి తన కార్డు తీసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె చేసిన సూచికల్లో తప్పు పేజీ ఒక్కటీ లేదు. ఇరవై తొమ్మిదో పేజీ ఎవరు రాశారు? తనే కదా. మరి తీసెయ్యడం దేనికి? పెన్సిలు తీసుకుని 'పుస్తకం మరమ్మతు' మీద సన్నగా గీత గీసి, పైన 'గణపతిరావు గారు' అని రాసి, 'ముప్పై ఏళ్ల అనుభవం' అలాగే ఉంచి, కార్డు కీబోర్డు పక్కన పెట్టింది.

"ఇలా మార్చు. పేరు ఉండనీ."

ఫైలు మెయిల్లో ప్రెస్సుకి వెళ్లింది. విశాఖ బస్సు అందుకోవాలని స్వర్ణకుమారి సంచీ భుజాన వేసుకుని గబగబా బయటికి నడిచింది. ట్రాక్టర్ల మధ్య నుంచి రోడ్డు దాటుతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. సంధ్యారాణి కంప్యూటర్ ఆపి, షట్టరు పూర్తిగా దించి వెళ్లిపోయింది. కీబోర్డు పక్కన కార్డు ఉండిపోయింది, మొదట ఆమె పేరు, చివర 29, మధ్యలో పెన్సిలుతో ఆయన పేరు.