అండాలు బండ

మొగుడికన్నా బండను నమ్ముకున్న మనిషి గోపమ్మ. నవ్వకండి, ఆ మారయ్యను చూస్తే మీరూ బండనే నమ్ముతారు. పానగల్లు అవతలి గుట్టమీద రాతిపువ్వు గీకి, ఎండబెట్టి, నల్లగొండలో మసాలా దినుసులమ్మే లతీఫ్‌కు వేయడం వాళ్ల పని. దానికో కట్టడి ఉంది. ఇంట్లో ఆడపిల్ల పుడితే అది పెద్దయి అక్కర పడేదాకా ఒక బండను దాని పేరున ముట్టకుండా వదిలేస్తారు. గీకిన చోట ఆ పాడు పువ్వు మళ్లీ పరుచుకోవాలంటే ఒక తరం పడుతుంది మరి. అత్తింటివాళ్లు తన్ని తరిమిన కూతురు అండాలుకు ఇప్పుడు ఉన్న ఆస్తల్లా ఆ బండే.

ఆ రోజు గోపమ్మ మూట దింపేసరికి లతీఫ్ దుకాణంలో రేడియో ఉర్దూలో ఏదో చెబుతోంది.

"ఏమంటాంది సాబ్ గది?"

"సముద్రంల నీలి తిమింగలాలను నూనె కోసం చంపి చంపి అయిపోగొట్టిన్రట గోపమ్మా. ఇగ చంపొద్దని దేశాలన్ని కూడి కట్టడి చేసినయట."

"చేపకు గంత కథనా?"

"చేప గాదు. పిల్లకు పాలిస్తది. మన బర్రె లెక్కన్నట్టు."

"మరి నా రాతిపువ్వు ఏ జాతి?"

"మా తాత రాయి అనేటోడు. హకీం సాబ్ చెట్టంటడు. బడి సారేమో, రెండు గాదు, బూజు, పాచి కలిసి కాపురం చేస్తున్నయంటడు."

"పాలియ్యదు, నెత్తురు కారదు. దానికెవడు కట్టడి చేస్తడు? అయినా అయిపోగొట్టినంక కట్టడేంది సాబ్, చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు." తమ ఇంటి కట్టడి తలచుకుని కాస్త గర్వపడింది కూడా.

"ధర పెరిగింది, ఎంత తెచ్చినా కొంట. మొన్న మారయ్యకు గూడ చెప్పిన," అన్నాడు లతీఫ్.

గోపమ్మ తూకం సంగతి కూడా అడగకుండా గుట్టదారి పట్టింది.

గుట్ట ఎక్కేసరికి అండాలు బండ బోడిగుండయి కనిపించింది. మారయ్య పారతో మొత్తం గీకి, మూటలు కట్టి, బీడీ కాలుస్తున్నాడు. అండాలు పగుళ్లలో మిగిలిన తునకలను గోళ్లతో తీసి కొంగులో వేసుకుంటోంది.

"మళ్ల మొలుస్తది తియ్," అన్నాడు మారయ్య.

గోపమ్మకు ఒళ్లు మండిపోయింది. "మొలుస్తది. గప్పటికి గీ పిల్ల ముసల్దయితది. అందాక ఏం తినాల్నో గది గూడ చెప్పు."

మారయ్య ఇంకా సగమే నిండిన మూట నోరు విప్పి, కూతురి కొంగు దగ్గర పట్టాడు.

"గవి గూడ గిండ్ల ఎయ్యి బిడ్డా."