చీలమండ మీద పసుపు

మెట్ల మీద జారి చీలమండ విరిగిన మూడో రోజుకు కృష్ణవేణి కాలి చుట్టూ బొబ్బలు లేచాయి. కొన్నిట్లో తేట నీళ్ళు. రెండిట్లో మాత్రం నల్లద్రాక్షల్లా నెత్తురు. అవి చితక్కుండా ఎండితేనే ఆదివారం ఆపరేషన్ అనీ, ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ అబుదాబి డాక్టరు చెప్పాడు. ఏ పూతా పెట్టకుండా, రోజూ కట్టు వదులు చేసి చూడమన్నాడు.

రువైస్‌లో కంపెనీ క్వార్టర్‌కి తిరిగొచ్చాక ఆ చూడటం భర్త వీరరాఘవరావు వంతయింది. పొద్దున్నే సాలగ్రామానికి అభిషేకం చేసిన చేతులతోనే కట్టు విప్పేవాడు. తడి దూది నుంచి నీచువాసన గుప్పుమనేది. బొబ్బలో నీళ్ళు అటూ ఇటూ కదలడం చూసి మొహం తిప్పుకునేవాడు. ఆపైన మళ్ళీ తలస్నానం.

"ఏవండీ, అంత కంపు కొడుతోందా?"

"అబ్బే, ఏం లేదు," అన్నాడు, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునే.

"మీ మొహం చూస్తే ఆముదం తాగినట్టుంది. నేనే చూసుకుంటాలెండి. మీరు నా కాళ్ళు పట్టుకుంటే పాపం నాకూనూ."

అతను దూది ఆవిడ చేతికిచ్చేశాడు. హమ్మయ్య అనుకున్నాడు కూడా.

ఆదివారం రెండున్నర గంటలు కారు నడిపి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. హైదరాబాదు నర్సు సుగ్రా బేగం కట్టు విప్పి "యా అల్లా!" అంది. చీలమండంతా పసుపు ముద్ద. దాని కింద బొబ్బలు చితికి, తోలు ముడతలు పడి, పసుపూ రసీ కలిసి చిక్కగా కారుతోంది.

"ఏందమ్మా, కాలు మీద కూర వండినవా? ఈ హల్దీ ఎవరు పూసిన్రు?"

కృష్ణవేణి తల దించుకుంది. శుక్రవారం పాదాలకు పసుపు రాసుకోవడం ఆవిడకు అలవాటే. చీలమండ దాకా ఎందుకు పూసిందో అతనికి అప్పుడు తట్టింది. వాసన తెలియకూడదని. తన మొగుడి మొహం మళ్ళీ అలా తిరగకూడదని.

"నేనే పూశానమ్మా," అన్నాడు నర్సుతో. అబద్ధమాడినట్టు అనిపించలేదు.

డాక్టరు చూసి, ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేశాడు.

"పూసినోళ్ళే కడగాలె సాబ్. ఇంటికి పోయినంక రోజూ చెయ్యాలె, ఇప్పుడే నేర్చుకోండి," అంటూ సుగ్రా బేగం చేతి తొడుగులూ దూదీ సెలైనూ అతనికిచ్చి, బేసిన్ దగ్గరకు జరిపింది.

తొడుగుల్లోంచి కూడా జిగట తెలుస్తోంది. అసహ్యం ఏమీ తగ్గలేదు. నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. పదహారేళ్ళుగా స్వామిని కడిగి, ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని తాగుతున్నవాడికి ఇది ఎందుకు చేతకాదు?

కృష్ణవేణి కాలు వెనక్కి తీసుకోబోయింది.

"లాక్కోకు," అన్నాడు. "వాంతి వస్తే ఆ బేసిన్‌లో చేసుకుంటాలే. నువ్వు కాలు మాత్రం లాక్కోకు."