తోక అంచు తెలుపు

లుయాండో పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపేసింది. గడప ముందు ఎండుటాకుల్లో తానూ ఓ ఎండుటాకులా కూర్చుని ఉంది రాత్రిపిట్ట. చీకట్లో పురుగులు పట్టుకుతినే ఆ పిట్ట పట్టపగలు గడపలో కూర్చుందంటే ఆ ఇంటినుంచి వెళ్ళినవాడి కబురు తెచ్చినట్టే. మా గ్వెంబే లోయలో చిన్నపిల్లలకైనా తెలుసు. లుయాండో మొగుడు మ్వీంబా కపెంటా చేపల పడవెక్కి ఇరవై రోజులు. సరస్సు మీద గాలివాన కొట్టి పద్దెనిమిది.

కబురు తెచ్చే పిట్టలు రెండు రకాలు. చూస్తే రెండూ ఒకటే. అదే మట్టిరంగు, అవే మచ్చలు, నోటిచుట్టూ అవే మీసాలు. తోక విప్పితేనే తేడా. బయటి ఈక చివర మాత్రమే తెల్లగా ఉంటే మనిషి వస్తాడు. అంచు పొడవునా తెలుపుంటే ఇక రాడు. ఆడపిట్టయితే ఆ తెలుపు కూడా గోధుమరంగులో కలిసిపోయి మన ప్రాణం తీస్తుంది. దాన్ని పోల్చగలిగేది ఊళ్ళో బీనా మ్వీంబా ఒక్కతే. బీనా అంటే తల్లి. అవును, మ్వీంబా కన్నతల్లే! ఎంత ఖర్మో చూడండి.

తప్పు చెబితే పిట్ట లేవదు. ఒకరింట్లో అలాగే వానాకాలమంతా కూర్చుంటే పాపం దాని చుట్టూతా ఊడ్చుకున్నారు.

బీనా కంటే ముందే ఆమె అక్క కొడుకు హామూంగా తన పీట తనే మోసుకుని దిగబడ్డాడు. మ్వీంబా పోయాడని తేలితే ఎద్దులు, పొలం, లుయాండో అన్నీ అతనికే. మా ఆచారం అది. ఇప్పటికే ఇద్దరు పెళ్ళాలు. ఒకామె చెయ్యి పోయినేడు విరగ్గొట్టాడు. బీనా వాకిట్లో అడుగుపెట్టగానే అందుకున్నాడు.

"పొడుగు తెలుపే పిన్నీ, ఇక్కడికే కనిపిస్తోంది. మరదలికి గుండు గీయించెయ్యి."

"ముడుచుకున్న తోకలో నీకేం కనిపించిందిరా? నోర్మూసుకుని కూర్చో!"

వాకిట్లో మూగిన జనం నవ్వారు.

చూసేటప్పుడు నలుగురి కళ్ళూ పడకుండా ఇంటావిడ గుడ్డ అడ్డం పట్టాలి. లుయాండో పట్టింది. బీనా గొంతుక్కూర్చుని అరచెయ్యి చాపితే పిట్ట ఎగిరిపోకుండా చేతిమీద తోక విప్పింది. ముసలామె దానిమీదికి వంగింది.

"తెలుపు ఈక చివరే ఉంది," అంది ఆఖరికి. "నా కొడుకు వస్తాడు."

గుడ్డ తీశారు. పిట్ట కదల్లేదు.

హామూంగా లేచాడు. "అదుగో, లేవలేదు! తప్పు!"

"వస్తాడని చెప్పానుగా," అని బీనా పిట్టనే బతిమాలింది. "వెళ్ళమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళు."

పిట్ట ఆమెకేసి కళ్ళింత చేసుకుని చూసింది. తోక బిగించి ముడుచుకుని లేచి, ఇళ్ళమీదుగా పోయింది.

మొగుడు వచ్చేదున్న ఆడదాని జోలికి ఎవరూ పోకూడదు. అది కూడా ఆచారమే. హామూంగా గొణుక్కుంటూ పీట ఎత్తుకున్నాడు.

పొద్దుగూకే వేళ అత్తాకోడళ్ళు సంకటి ముందు కూర్చున్నారు. ఇద్దరి చేతులూ ముద్ద దగ్గరకు పోలేదు.

"గుడ్డ పట్టుకున్నది నేనే కదత్తా," అంది లుయాండో. "నేనూ చూశాను. అంచు పొడవునా ఉంది."

బీనా సంకటి పక్కకు నెట్టింది. "నా తండ్రి నీళ్ళలో ఉన్నాడే. ఏడుద్దామంటే ఊరంతా వింటుందే!"

లుయాండో లేచింది. తలుపు దగ్గరకు రోలు లాగి, జొన్నలు పోసి, రోకలి అందుకుంది.

"ఏడ్చెయ్యి అత్తా," అని దంపడం మొదలుపెట్టింది.

"ఈ వేళప్పుడు దంపుడేంటే?" అని పక్కింట్లోంచి కేకేశారు.

"మా ఆయన వస్తున్నాడుగా, పిండి వద్దా?" అని కేకేసి, లుయాండో మళ్ళీ రోకలెత్తింది.